ఫుటీలో బాల్ మన చేతిలో లేనప్పుడు ఏం చేయాలి

మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, ట్రుగనీనా లాంటి చోట్ల తెలుగు కుటుంబాలు బాగా పెరిగాయి, ఆ ఇళ్ళల్లో పిల్లలు ఇప్పుడు క్రికెట్ బ్యాట్ తో పాటు ఆస్‌కిక్ కి, అంటే చిన్నపిల్లలకి ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) నేర్పే చోటికి, వెళ్ళి కోడిగుడ్డు ఆకారం ఎర్ర బాల్ కూడా పట్టుకుని ఇంటికొస్తున్నారు. వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే, "మేం కూడా కూర్చుని చూశామండీ, కానీ అందరూ బాల్ వెనకాల పడి పరిగెత్తడం తప్ప ఇందులో ప్లాన్ ఏముందో అర్థం కాలా" అని. నేను ఇక్కడ ఒక లోకల్ క్లబ్ లో కింది గ్రేడ్ టీమ్ కి హాఫ్ బ్యాక్ ఫ్లాంక్ లో ఆడతాను, అంటే డిఫెన్స్ లో ఒక పక్క. మొదటి రెండేళ్ళు నాది కూడా అదే అభిప్రాయం, కిక్ బాగా కొట్టడం, మార్క్ పట్టడం, హ్యాండ్‌బాల్ ఇవ్వడం, టాకిల్ చేయడం, ఈ నాలుగూ వస్తే ఆట వచ్చేసినట్టే అనుకున్నా.

ఒక చిన్న లెక్క చూడండి. చాలా బాగా ఆడిన మిడ్‌ఫీల్డర్ కి ఒక మ్యాచ్ లో ముప్పై సార్లు బాల్ దొరికిందనుకుందాం, దొరికిన ప్రతిసారీ రెండు మూడు సెకన్లు చేతిలో ఉంటుంది, మొత్తం కలిపితే మహా అయితే నిమిషంన్నర. ఆట ఏమో నాలుగు క్వార్టర్లు, పెద్ద లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్ లో ఒక్కో క్వార్టర్ 20 నిమిషాలు, మధ్యలో ఆగిన టైం కూడా కలిపేసరికి ఒక్కోటి దగ్గర దగ్గర అరగంట అవుతుంది. మరి ఆ మిగతా టైం అంతా ఏం చేస్తున్నావ్ అన్నదే అసలు ట్యాక్టిక్స్, బాల్ దొరికాక చేసేదాన్ని స్కిల్ అంటాం, అంతే తేడా.

రూల్స్ తెలియని వాళ్ళ కోసం గబగబా చెప్పేస్తా. టీమ్ కి 18 మంది గ్రౌండ్ లో ఉంటారు, గ్రౌండ్ ఓవల్ షేప్, ఎంసీజీలో అయితే ఈ చివర నుంచి ఆ చివరికి దాదాపు 160 మీటర్లు. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు, మధ్య రెండింట్లోంచి కాలితో కొడితే గోల్, 6 పాయింట్లు, పక్క నుంచి పోతే బిహైండ్, 1 పాయింట్. కనీసం 15 మీటర్లు వచ్చిన కిక్ ని కింద పడకుండా పట్టుకుంటే మార్క్, అప్పుడు ఎవరూ ముట్టుకోకుండా మన కిక్ మనం కొట్టుకోవచ్చు. చేత్తో విసరకూడదు, పిడికిలితో గుద్ది పంపాలి, అదే హ్యాండ్‌బాల్. వీటన్నిటికంటే ముఖ్యమైంది ఇంకోటుంది, ఆఫ్‌సైడ్ లేదు. సాకర్ లో లాగా ఇక్కడ దాటితే తప్పు అనే గీత ఎక్కడా లేదు, ఎవడు ఎక్కడైనా నిలబడొచ్చు, ఎటు నుంచి ఎటైనా కొట్టొచ్చు. ఇంత పెద్ద గ్రౌండ్ ని 18 మంది కాపాడాలంటే అందరూ తలో మూల మామూలుగా నిలబడితే చాలదు, అక్కడి నుంచే ఈ ఆటలో ఆలోచన అంతా పుట్టింది.

పాత రోజుల్లో లెక్క సింపుల్ గా ఉండేది, నీ మనిషి వీడు, వీడి వెంటే ఉండు. ఫుల్ ఫార్వర్డ్ కి ఫుల్ బ్యాక్, వింగ్ కి వింగ్, రోజంతా జంటలు జంటలుగా కుస్తీ. దాన్ని బాగా కదిలించింది 2008 లో హాథార్న్ టీమ్, కోచ్ అలస్టర్ క్లార్క్‌సన్. వాళ్ళ పద్ధతికి "క్లార్క్‌సన్స్ క్లస్టర్" అనే పేరే పడిపోయింది. మనిషిని వదిలేసి చోటుని కాపాడటం, బాల్ చుట్టూ ఒక వల లాగా మనుషుల్ని పరిచి బాల్ ఎటు కదిలితే వల మొత్తం అటు కదలడం. ఆ ఏడాది జీలాంగ్ లీగ్ దశలో ఒక్కటంటే ఒక్క మ్యాచ్ ఓడింది, అంత బలమైన టీమ్ ని గ్రాండ్ ఫైనల్ లో హాథార్న్ 26 పాయింట్ల తేడాతో కొట్టేసింది.

ఇప్పుడు ఈ వలని కోచ్ బోర్డు మీద నుంచి కాకుండా అందులో ఉన్న ఒక ఆటగాడి కళ్ళతో చూద్దాం, ఎందుకంటే బోర్డు మీద పద్దెనిమిది అయస్కాంతం బిళ్ళలు ఎప్పుడూ చెప్పిన మాట వింటాయి, గ్రౌండ్ లో మనకి ఊపిరి ఆడట్లేదు, పక్కనోడు అరుస్తున్నాడు, ఎండ కళ్ళల్లో పడుతోంది. నాకు జరిగింది చెప్తా. బాల్ అవతలి వింగ్ లో, నాకు ఎనభై మీటర్ల దూరంలో ఉంది. అక్కడ పెద్ద గుంపు, బాల్ ఎవరికీ దొరకట్లేదు, మా వాళ్ళు తక్కువ ఉన్నారేమో అనిపించి నేను మెల్లగా అటు జరుగుతూ పోయా, పది అడుగులు, ఇంకో పది అడుగులు. నా మనిషి మాత్రం కదల్లేదు, ఇటు పక్క బౌండరీ దగ్గరే నిలబడ్డాడు. వాళ్ళల్లో ఒకడు బాల్ తీసి వెనక్కి కొట్టాడు, వెనక ఉన్నోడు దాన్ని అడ్డంగా ఇటు తిప్పాడు, రెండే కిక్కులు, నేను వెనక్కి తిరిగి పరిగెత్తేలోపు నా మనిషి ఒంటరిగా మార్క్ పట్టేసి, లేచి, రెండు సార్లు బాల్ ని నేలకి కొట్టుకుంటూ పరిగెత్తి గోల్ కొట్టేశాడు. స్కోర్ బోర్డు మీద అది డిఫెన్స్ మొత్తం చేసిన తప్పు లాగే కనిపిస్తుంది, కానీ ఆ గోల్ పూర్తిగా నాది. క్వార్టర్ అయ్యాక కోచ్ తిట్టలేదు, "బాల్ ని చూశావ్, గ్రౌండ్ ని చూళ్ళేదు" అన్నాడంతే.

దీన్నే స్విచ్ అంటారు. బాల్ ఉన్న వైపు మనుషులు ఎక్కువ, రెండో వైపు ఖాళీ. ఆ ఖాళీ వైపుని ఇక్కడ వాళ్ళు "ఫ్యాట్ సైడ్" అంటారు, ఇరుకుగా ఉన్న వైపు "స్కిన్నీ సైడ్". వల ఎంత బాగా పరిచినా గ్రౌండ్ వెడల్పు మొత్తం కప్పలేదు, ఎక్కడో ఒక చోట ఖాళీ వదలాల్సిందే, కాబట్టి అటు పక్క చివర ఉన్నవాడి పని వలకి తాడు లాంటిది. కబడ్డీలో గొలుసు పట్టుకుంటారు చూడండి, ఆ చివర ఉన్నవాడు రైడర్ ని ముట్టుకోకపోవచ్చు, కానీ ఆత్రంలో వాడు చెయ్యి వదిలాడంటే రైడర్ అక్కడి నుంచే దూరిపోతాడు. ఇదీ అంతే.

మరి ఎప్పుడు మనిషి దగ్గర ఉండాలి, ఎప్పుడు వదిలేసి సాయానికి పోవాలి? నాకు ఈ ఆటలో అన్నిటికంటే పనికొచ్చిన విషయం ఇదే, కాబట్టి కాస్త ఆగి చెప్తా. బాల్ ని చూడొద్దు, బాల్ పట్టుకున్నోడిని చూడాలి, అందులోనూ వాడి తల. తల పైకెత్తి ఉందా, చుట్టూ ఎవరూ లేరా, రెండు కాళ్ళ మీద స్థిమితంగా ఉన్నాడా, అయితే వాడు ఎక్కడికి కావాలంటే అక్కడికి కొట్టగలడు, అలాంటప్పుడు నీ మనిషిని వదలొద్దు, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో ఉండు. అదే వాడి మీద ఎవరో పడబోతున్నారు, తల దించుకుని ఉన్నాడు, ఒక్క కాలి మీద వంగిపోయి ఉన్నాడంటే కిక్ సరిగ్గా రాదు, గాల్లోకి ఎత్తుగా లేస్తుంది, ఎక్కువ సేపు గాల్లో ఉంటుంది, ఆ టైంలో నువ్వు నీ మనిషిని వదిలేసి పది పదిహేను మీటర్లు వచ్చి ఆ బాల్ ని మధ్యలోనే అందుకోవచ్చు. దాన్నే ఇంటర్‌సెప్ట్ మార్క్ అంటారు, ఈ రోజుల్లో డిఫెండర్లకి పేరొచ్చేది దీంతోనే. చూసేవాళ్ళకి వాడికేదో మాయ తెలుసేమో అనిపిస్తుంది, వాడు చూసింది అవతలి వాడి భుజాలు, తల, అంతే. అందుకే నిలబడేటప్పుడు ఒళ్ళు పక్కకి తిప్పి నిలబడాలి, ఒక కంట బాల్ పట్టుకున్నోడు, ఇంకో కంట నీ మనిషి కనపడాలి. ఇద్దర్లో ఒకరు కనపడకపోతే నువ్వు నిలబడ్డ కోణం తప్పు, రెండడుగులు వెనక్కి వెయ్యి.

ఇదే వలని గ్రౌండ్ మధ్యలో కాకుండా అవతలి వాళ్ళ గోల్ దాకా ముందుకి తోస్తే అది ప్రెస్. 2010 లో మిక్ మాల్ట్‌హౌస్ కోచ్ గా ఉన్న కాలింగ్‌వుడ్ దీన్ని గొప్పగా ఆడింది, ఆ ఏడాది సెయింట్ కిల్డాతో గ్రాండ్ ఫైనల్ 68-68 తో టై అయితే వారం తర్వాత మళ్ళీ ఆడి 56 పాయింట్లతో గెలిచారు. ప్రెస్ లో అవతలి వాళ్ళకి బయటికి దారి దొరకదు, ఎటు కొట్టినా మన వాళ్ళే, బాల్ మళ్ళీ మళ్ళీ వాళ్ళ గోల్ ముందుకే వచ్చి పడుతుంటుంది. కానీ ఒక ప్రమాదం ఉంది, మన వెనక ఎనభై మీటర్లు ఖాళీ, ఎవడైనా వల మీద నుంచి ఒక్క పొడుగు కిక్ దాటించాడంటే మిగిలింది పరుగు పందెమే. కాబట్టి ప్రెస్ లో వెనక చివర ఉన్నవాడు మిగతా వాళ్ళతో పాటు ఉత్సాహంగా ముందుకి పోకూడదు, అందరూ పది అడుగులు వేస్తే వాడు ఏడే వేయాలి, నోరు మాత్రం ఆపకుండా అరుస్తూనే ఉండాలి, ఎందుకంటే మొత్తం గ్రౌండ్ కనపడేది వాడొక్కడికే.

ఇక రెండో వైపు నుంచి, వలని ఎలా చింపాలి. స్విచ్ ఒక దారి, చెప్పుకున్నాం. రెండోది ధైర్యం కావాల్సిన దారి, బౌండరీ పక్క నుంచి 45 డిగ్రీల కోణంలో గ్రౌండ్ మధ్యలోకి, కారిడార్ లోకి కొట్టే కిక్. అది అందితే అవతలి డిఫెన్స్ మొత్తం రెండుగా చీలిపోతుంది, మన ముందు ఎటైనా పోవచ్చు. అందకపోతే సరిగ్గా మన గోల్ కి ఎదురుగా వాళ్ళకి బాల్ ఇచ్చినట్టే. మూడోది హ్యాండ్‌బాల్ ఇచ్చి ఆగిపోకుండా, ఇచ్చినవాడే ముందుకి పరిగెత్తి మళ్ళీ అందుకోవడం. హ్యాండ్‌బాల్ ఎంత ఆయుధమో చాలామందికి తెలిసొచ్చింది 1970 గ్రాండ్ ఫైనల్ లోనే, కాలింగ్‌వుడ్ మీద హాఫ్ టైంకి 44 పాయింట్లు వెనకబడిన కార్ల్‌టన్ కి కోచ్ రాన్ బరాసీ హ్యాండ్‌బాల్ ఆడుతూ ముందుకే పొమ్మని చెప్పాడు, 1,21,696 మంది చూస్తుండగా వాళ్ళు 10 పాయింట్లతో గెలిచారు. నాలుగోది ఏమీ దొరకనప్పటిది, బౌండరీ వెంబడి పొడుగ్గా మన పొడుగు మనిషి మీదికి కొట్టడం, పట్టుకుంటే మార్క్, లేదంటే బాల్ బయటికి పోతుంది, మళ్ళీ మొదలు. అయితే ఇది లీగ్ ని బట్టి చూసుకోవాలి, ఆడవాళ్ళ ఏఎఫ్‌ఎల్‌డబ్ల్యూలో, సౌత్ ఆస్ట్రేలియా లీగ్ లో అలా ఎవరికీ తగలకుండా బయటికి పోతే అవతలి వాళ్ళకి ఫ్రీ కిక్ ఇచ్చే రూల్ ఉంది, కాబట్టి మీరు ఆడే చోట ఏ రూలో ముందు కనుక్కోండి.

ఇవన్నీ కలిసి ఎలా పని చేస్తాయో చూడాలంటే 2018 గ్రాండ్ ఫైనల్ ఆఖరి నిమిషాలు చూడండి, వెస్ట్ కోస్ట్, కాలింగ్‌వుడ్. వెస్ట్ కోస్ట్ వెనకబడి ఉంది, కాలింగ్‌వుడ్ బాల్ ని ముందుకి కొట్టింది, వెస్ట్ కోస్ట్ డిఫెండర్ జెరెమీ మెక్‌గవర్న్ దాన్ని గాల్లో అడ్డుకుని మార్క్ పట్టాడు. అక్కడి నుంచి నేథన్ వార్డీకి, మార్క్. వార్డీ నుంచి లియం రయన్ కి, అదీ మార్క్. రయన్ నుంచి డామ్ షీడ్ కి. బాల్ ఒక్కసారి కూడా నేల మీద పడలేదు. షీడ్ పట్టుకున్నది బౌండరీని ఆనుకుని, గోల్ చాలా సన్నగా కనపడే కోణంలో, అక్కడి నుంచి కొట్టేశాడు, 79-74 తో గెలిచారు. టీవీలో అందరూ ఆ ఆఖరి కిక్కే పదే పదే చూస్తారు. నేను మాత్రం బాల్ వచ్చే ముందు జరిగింది చూడమంటా. షీడ్ మీదికి వస్తున్న బ్రేడెన్ మేనార్డ్ దారిలో విల్లీ రియోలీ ఉన్నాడు, మేనార్డ్ కి ఆ ఒక్క అడుగు ఆలస్యమైంది. అది ఫ్రీ కిక్ ఇవ్వాల్సిందా కాదా అని కాలింగ్‌వుడ్ అభిమానులు ఇప్పటికీ వాదిస్తారు, ఆ వాదన అలా ఉంచితే, బాల్ ని ముట్టుకోని ఒక మనిషి నిలబడ్డ చోటు కూడా ఆ గోల్ లో భాగమే.

ఇప్పుడు స్టాపేజ్ ల సంగతి, అంటే ఆట ఆగి అంపైర్ బాల్ ని మళ్ళీ గాల్లోకి లేపే సందర్భాలు. రక్‌మన్ లు, టీమ్ లో అందరికంటే పొడుగు వాళ్ళు, ఎగిరి చేత్తో కింద ఉన్న తమ వాళ్ళకి కొడతారు. కొత్తగా ఆడేవాళ్ళందరూ చేసే తప్పు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లూ బాల్ కిందకే పోవడం. దీనికి మా దగ్గర గడియారం లెక్క వాడతారు, రక్‌మన్ ముఖం ఉన్న వైపు పన్నెండు అనుకుంటే బాల్ మూడు వైపు పోతుందో తొమ్మిది వైపు పోతుందో ముందే మాట్లాడుకుంటారు. ఒకడు లోపల బాల్ తియ్యాలి, ఒకడు బయట పరిగెత్తడానికి సిద్ధంగా ఉండాలి, మూడోవాడు మన గోల్ వైపు వెనక నిలబడాలి, బాల్ అవతలి వాళ్ళకి పోతే మొదట అడ్డం పడేది వాడే. ఈ మూడో పని ఎవరికీ ఇష్టం ఉండదు, బాల్ దొరకదు, పేరు రాదు, కానీ వాడు లేకపోతే ఓడిన ప్రతి ట్యాప్ కీ ఒక గోల్ ఇచ్చుకుంటాం.

సెంటర్ దగ్గర ఇది ఇంకా ముఖ్యం, దానికి కారణం 2019 లో వచ్చిన 6-6-6 రూల్. సెంటర్ లో ఆట మొదలయ్యేటప్పుడు ప్రతి టీమ్ కి రెండు చివర్లా ఆరుగురేసి, మధ్యలో ఆరుగురు ఉండి తీరాలి, మధ్య చదరంలో నలుగురే. అంటే ఆ ఒక్క క్షణం డిఫెన్స్ లో అదనపు మనిషి ఉండడు, వల ఉండదు, ఒకరికి ఒకరు అంతే. అక్కడ బాల్ గెలిచి వెంటనే ముందుకి కొట్టగలిగితే అంతకంటే సులువైన దారి మ్యాచ్ మొత్తంలో దొరకదు. 2021 గ్రాండ్ ఫైనల్, కోవిడ్ వల్ల పెర్త్ లో జరిగింది, మూడో క్వార్టర్ లో వెస్టర్న్ బుల్‌డాగ్స్ మీద మెల్‌బోర్న్ 19 పాయింట్లు వెనకబడి ఉండి చివరికి 74 పాయింట్లతో గెలిచింది. ఆ క్వార్టర్ ఆఖర్లో గోల్ కొట్టడం, సెంటర్ కి రావడం, మళ్ళీ అక్కడి నుంచే బాల్ తీసుకుని ముందుకి పోవడం. రక్‌మన్ మ్యాక్స్ గాన్ చెయ్యి, క్లేటన్ ఆలివర్, క్రిస్టియన్ పెట్రాకా కాళ్ళు, ఈ ముగ్గురి మధ్య ఉన్న అవగాహన చూస్తే స్టాపేజ్ అంటే ఏంటో అర్థమవుతుంది.

ఫార్వర్డ్ లు గోల్ కొడితే చాలు అనుకునే రోజులు కూడా పోయాయి. 2017 లో రిచ్‌మండ్ 37 ఏళ్ళ తర్వాత ఛాంపియన్ అయింది, డేమియన్ హార్డ్‌విక్ టీమ్, ముందు జాక్ రీవోల్ట్ ఒక్కడే పెద్ద పొడుగు మనిషి, అతని చుట్టూ పొట్టి, చురుకైన కుర్రాళ్ళు. రీవోల్ట్ పని ప్రతిసారీ మార్క్ పట్టడం కాదు, కనీసం అవతలి వాళ్ళని పట్టనివ్వకపోవడం, బాల్ నేల మీద పడితే చాలు, కింద కుర్రాళ్ళు చూసుకుంటారు. వాళ్ళు నిలబడే చోటుకి పేరే ఉంది, "ఫ్రంట్ అండ్ సెంటర్", ఎగిరే గుంపుకి ఎదురుగా నాలుగైదు మీటర్ల దూరం. మరీ దగ్గరికి పోతే బాల్ తల మీద నుంచి పోతుంది, వెనక ఉంటే ఎప్పటికీ రాదు. బాల్ దొరక్కపోతే టాకిల్. బాల్ పట్టుకున్నోడికి వదిలించుకునే అవకాశం వచ్చి కూడా వదలకుండా దొరికిపోతే హోల్డింగ్ ద బాల్, ఫ్రీ కిక్ మనకే, అందుకే మంచి ఫార్వర్డ్ లు మీద పడటానికి ఒక అర సెకను ఆగుతారు, వాడు పక్కకి తప్పించుకోబోయే దాకా, ఆ ప్రయత్నమే వాడికొచ్చిన అవకాశం కింద లెక్క.

లీడ్ గురించి ఒక్క మాట, అంటే కిక్ కోసం పరిగెత్తుకుంటూ ఎదురు రావడం. నీకు ఖాళీ దొరికినప్పుడు కాదు పరిగెత్తాల్సింది, కొట్టేవాడు తల ఎత్తినప్పుడు. ముందే పరిగెత్తితే వాడు చూసేసరికి నువ్వు వాడి కాళ్ళ దగ్గరకొచ్చేసి ఉంటావ్, నీ వెనక ఖాళీ అంతా నీ డిఫెండర్ తో సహా నువ్వే పాడు చేసినట్టు. అందుకే ఒకవైపు రెండడుగులు అబద్ధంగా వేసి, డిఫెండర్ కదిలాక, అసలు పరుగు ఇంకో వైపు.

అవతలి వాడు మార్క్ పట్టాక ఆ చోట నిలబడే మనిషి విషయంలో కూడా జాగ్రత్త. 2021 నుంచి స్టాండ్ రూల్ వచ్చింది, అంపైర్ "స్టాండ్" అన్నాక పక్కకి కదిలితే 50 మీటర్ల పెనాల్టీ. ఇక్కడ తెలివి లేకపోతే ఎంత నష్టమో 1987 ప్రిలిమినరీ ఫైనల్ చెప్తుంది, ఐర్లాండ్ నుంచి వచ్చి ఈ ఆట నేర్చుకున్న మెల్‌బోర్న్ కుర్రాడు జిమ్ స్టైన్స్ ఆఖరి క్షణాల్లో అవతలి వాడు కిక్ కొట్టబోయే చోటికి అడ్డంగా పరిగెత్తాడు, అప్పటి రూల్ ప్రకారం 15 మీటర్లు ముందుకిచ్చారు, హాథార్న్ గ్యారీ బకనారా సైరన్ మోగాక కొట్టి 2 పాయింట్లతో గెలిపించేశాడు. అదే స్టైన్స్ 1991 లో లీగ్ లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో మెడల్ గెలిచాడు, నాకు ఆ మనిషంటే చాలా గౌరవం.

ఇంకో నిర్ణయం డిఫెండర్లకి మాత్రమే వచ్చేది, ఒక పాయింట్ కావాలని ఇచ్చేయడం. 6 పోయే ప్రమాదంలో ఉన్నప్పుడు బాల్ ని మన గీత దాటించి 1 ఇచ్చేస్తే, తర్వాత కిక్-ఇన్, అంటే మన గోల్ ముందు నుంచి ఆట మళ్ళీ మొదలుపెట్టే కిక్, మనదే. 2008 ఫైనల్ లో హాథార్న్ ఇలా 11 సార్లు చేసింది, జీలాంగ్ స్కోరు చూస్తే 11 గోల్స్, 23 బిహైండ్లు, హాథార్న్ వి 18 గోల్స్, 7 బిహైండ్లు. మరుసటి ఏడాదే రూల్ మార్చారు, ఒత్తిడి ఏమీ లేకుండా కావాలని చేస్తే ఫ్రీ కిక్. ఇప్పుడు చేయాలంటే అవతలి వాడు నిజంగా మీద పడుతూ ఉండాలి.

బెంచ్ మీదకి వెళ్ళడం కూడా ట్యాక్టిక్సే, ఏఎఫ్‌ఎల్ లో 2021 నుంచి మ్యాచ్ కి 75 మార్పులే, కాబట్టి కాళ్ళు పూర్తిగా అయిపోయాక కాదు, అయిపోబోతున్నాయి అన్నప్పుడు, అది కూడా బాల్ మనకి దూరంగా ఉన్నప్పుడు బయటికి రావాలి.

ఇవన్నీ టీవీలో నేర్చుకోవడం కష్టం, కెమెరా బాల్ వెంటే పోతుంది. వీలైతే ఒకసారి గ్రౌండ్ కి వెళ్ళి పై వరసల్లో కూర్చోండి, ఒక క్వార్టర్ మొత్తం బాల్ ని వదిలేసి ఒక్క డిఫెండర్ నే చూడండి, బాల్ అవతలి పక్క ఉన్నప్పుడు వాడి పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో, ఎన్నిసార్లు వెనక్కి చూశాడో లెక్కపెట్టండి.

నేను ఆ గోల్ ఇచ్చేసిన మ్యాచ్ తర్వాత మూడు వారాలకి అనుకుంటా, దాదాపు అదే పరిస్థితి మళ్ళీ వచ్చింది. బాల్ అవతలి వింగ్ లో, గుంపు, అరుపులు, నా మనిషి ఇటు బౌండరీ దగ్గర. కాళ్ళు అటు లాగుతున్నాయి, అయినా కదల్లేదు. వాళ్ళ డిఫెండర్ బాల్ అందుకుని వెనక్కి తిరిగాడు, తల ఎత్తాడు, ఇటు చూశాడు, నా మనిషి చెయ్యెత్తి అడుగుతున్నాడు, పక్కనే నేనున్నా. ఒక సెకను ఆగి, బాల్ ని చేతుల్లో తిప్పుకుని, మళ్ళీ వచ్చిన వైపుకే, బౌండరీ వెంబడి పొడుగ్గా కొట్టాడు. మా రక్‌మన్ ఎగిరి పిడికిలితో దాన్ని బయటికి గుద్దేశాడు.